తెర నిండింది, బొమ్మ తరిగింది

మొన్న సంక్రాంతికి అక్కయ్య దమ్మపేట వచ్చింది. పండగ మూడు రోజులూ పిండివంటలతోనూ పిల్లల గోలతోనూ గడిచిపోయాక, కనుమ మర్నాడు మధ్యాహ్నానికిగాని అందరికీ తీరిక చిక్కలేదు. ఇదే అదను అనుకుని నేను దాచివుంచిన కానుక బైటపెట్టాను. 1987లో జరిగిన అక్కయ్య పెళ్ళి తాలూకు వీడియో క్యాసెట్టు ట్రంకుపెట్టె అడుగున పడివుంటే, దాన్ని పట్నంలో ఒక స్టూడియోవాళ్ళకిచ్చి పెన్ డ్రైవులోకి ఎక్కించి తెచ్చాను. గోడమీది పెద్ద టీవీలో పెట్టగానే హాలంతా నాదస్వరంతో నిండిపోయింది. బొమ్మ ఈ అంచునుంచి ఆ అంచుదాకా నిండుగా వుంది. "పాతికేళ్ళ కుర్రాడిలా వున్నానే!" అని బావగారు మురిసిపోయారు. "అప్పుడు మీకు పాతికేళ్ళే కదండీ" అన్నది అక్కయ్య.

కన్యాదానం ఘట్టం వచ్చింది. బావగారి ముఖం కనిపిస్తున్నది. పురోహితుడి భుజం కనిపిస్తున్నది. వంగి కాళ్ళు కడుగుతున్న మా నాన్న నడినెత్తి కనిపించీ కనిపించకుండా వుంది. అంతే. అక్కయ్య కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఒరేయ్ తమ్ముడూ, అమ్మ ఏదిరా?"

కెమెరా అబ్బాయి తీసివుండడేమోనన్నాను. అనకుండా వుండవలసింది.

"తీయకపోవడమేమిట్రా? పుట్టింటికి వచ్చినప్పుడల్లా డెక్కు అద్దెకు తెప్పించుకుని చూసేదాన్ని, నాకు తెలీదూ? అమ్మ ఈ పక్కన పీటమీద కూర్చుని రాగిచెంబుతో నీళ్ళు పోస్తూ వుంటుంది. మధ్యలో ఒక్కసారి తలెత్తి నాకేసి చూస్తుంది. అదేదీ?"

అమ్మ పోయి పదకొండేళ్ళయింది. మూడుగంటల క్యాసెట్టులో ఆవిడ నిలకడగా కూర్చుని కనిపించేది ఆ ఒక్క చోటే. మిగతా పెళ్ళంతా ఆవిడ వంటపందిట్లోనూ, కొట్టుగదిలోనూ, వియ్యాలవారి విడిదిలోనూ వున్నది.

మర్నాడే పట్నం వెళ్ళి స్టూడియో కుర్రాణ్ణి అడిగాను. పాపం, మంచి పిల్లవాడే. "తెర నిండా రావాలన్నది మీరే కదండీ! తలలు తెగితే బాగుండదని మొత్తం కిందినుంచే తీసేశాం సార్" అన్నాడు. నిజమే. క్యాసెట్టు ఇచ్చేనాడు, అటూ ఇటూ నల్ల పట్టీలు పడతాయి, ఫరవాలేదా అని అతను అడిగితే, వేలు పోసి టీవీ కొన్నది నలుపు చూడటానికా, నిండా రానీయవోయ్ అని దర్జాగా చెప్పి వచ్చినవాణ్ణి నేనే.

ఈ నిండుదనం లెక్క ఏమిటో అప్పుడు కూర్చుని చూశాను. ఇదివరకటి టీవీ పెట్టె నాలుగు జానల వెడల్పు వుంటే మూడు జానల ఎత్తు వుండేది. ఇప్పటి టీవీ పదహారు పాళ్ళ వెడల్పుకు తొమ్మిది పాళ్ళ ఎత్తు. అంటే అదే నాలుగు జానల వెడల్పుకు రెండుంబావు జానల ఎత్తే. పాత బొమ్మను సాగదీయకుండా కొత్త టీవీ నిండా పరవాలంటే ఎత్తులో ముప్పావు జానెడు కోసెయ్యాలి. సరిగ్గా పావు వంతు. ఆ పావువంతూ పైనుంచి తీస్తే తలలు పోతాయి, కిందినుంచి తీస్తే కాళ్ళు పోతాయి. కాళ్ళేగా పోతే పోనీ అనుకోవచ్చు. కాని మన పెళ్ళిళ్ళలో జరిగేదంతా నేలమీదనే కదా! కాళ్ళు కడిగే పళ్ళెం నేలమీద. తలంబ్రాల పళ్ళెం నేలమీద. సన్నికల్లు తొక్కడం, మెట్టెలు తొడగడం, బిందెలో ఉంగరం వెతకడం అన్నీ నేలమీద. పిల్లలూ ముసలివాళ్ళూ కూర్చునేది చాపలమీద. దొరల పెళ్ళిళ్ళలో అందరూ నిలబడే వుంటారు గనక కింది పావు కోసినా ప్యాంట్లూ బూట్లూ పోతాయి. మనకు పెళ్ళే పోతుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఈ కోత ఇప్పుడు పుట్టింది కాదు. వెనకటి కాలంలో పక్కలనుంచి కోసేవారు, ఇప్పుడు పైనుంచీ కిందినుంచీ కోస్తున్నారు, అంతే తేడా. పక్కల కోత సంగతి నాకు చిన్నప్పుడే అనుభవమైంది గాని, అప్పుడు అది కోత అని తెలియలేదు.

అమెరికాలో 1950ల మొదట్లో ఇళ్ళల్లోకి టీవీలు వస్తూ సినిమాహాళ్ళు వెలవెలబోతూంటే, టీవీలో దొరకనిది చూపించాలని అక్కడి నిర్మాతలు తెరను వెడల్పు చేశారు. ఆన్రీ క్రెతియెన్ అనే ఫ్రెంచి ఆచార్యుడు ఎప్పుడో 1920లలో చేసిపెట్టిన కటకం ఒకటి వుంది. అది వెడల్పాటి దృశ్యాన్ని సగానికి నొక్కి మామూలు ఫిల్ముమీద ఇరికిస్తుంది. ప్రొజెక్టరుకు తగిలించిన మరో కటకం దాన్ని మళ్ళీ విప్పి తెరమీద పరుస్తుంది. మడతపెట్టిన పట్టుచీర విప్పినట్టన్నమాట. ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్‌వారు దాన్ని కొని, సినిమాస్కోప్ అని పేరుపెట్టి, 1953లో "ది రోబ్" తీశారు. మన దేశంలో గురుదత్ 1959లో "కాగజ్ కే ఫూల్" తీశాడు, వి.కె. మూర్తి ఛాయాగ్రహణం. తెలుగుకు అది వచ్చేసరికి 1974 అయింది. కృష్ణ నూరవ చిత్రం "అల్లూరి సీతారామరాజు". చింతపల్లి కొండల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు నడుమనే కన్నుమూస్తే మిగిలింది ఇతరులు పూర్తిచేయవలసి వచ్చింది. కెమెరా పట్టింది వి.ఎస్.ఆర్. స్వామి.

ఆ బొమ్మ రెండోసారి ఆడినప్పుడు నాన్న మమ్మల్ని బస్సెక్కించి పక్క వూరికి తీసుకుపోయారు. నేల టిక్కెట్టు. మాకు ఎడమవైపు అక్కయ్య, కుడివైపు వక్కపొడి నములుతున్న ఒక పెద్దాయన. తెర పక్కకు జరుగుతూ విచ్చుకుంటూంటే హాల్లో ఈలలు! గోదావరికి ఈవలి గట్టున, అడవి అంచున పుట్టిన పిల్లలం మేము. కొండలు మాకు కొత్తేమీ కాదు. అయినా ఒక చివరనుంచి ఒక చివరదాకా కొండల వరస, ఆ వాలుల్లో విల్లంబులు పట్టుకున్న మన్యం జనం, నడుమ కాషాయగుడ్డలో రాజు. అది చూసి నోరు వెళ్ళబెట్టాం. మా వెనక వరసలో కూర్చున్న కోయవాళ్ళు కొందరు తెరమీది మనుషుల్ని చూపించి ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఏదో చెప్పుకుంటూ వుండటం నాకింకా జ్ఞాపకం.

పది పన్నెండేళ్ళ తర్వాత అదే బొమ్మ ఇంట్లో, అద్దె డెక్కుమీద, క్యాసెట్టులో చూశాను. పేర్లు పడుతున్నంతసేపూ మనుషులు వెదురుబొంగుల్లా సన్నగా పొడుగ్గా వున్నారు. పేర్లు అయిపోగానే అందరూ వొళ్ళు చేశారు గాని, జనం పలచబడ్డారు. రాజుగారున్నారు, ఆయన వెనక ఒకరో ఇద్దరో వున్నారు. మిగిలిన మన్యం ఎటుపోయిందో! చిన్నతనంలో చూసింది పెద్దయాక చిన్నదిగానే కనిపిస్తుంది లెమ్మని సరిపెట్టుకున్నాను. మా వూరి ఏటి వంతెన కూడా అలాగే కనిపిస్తుంది కదా!

వంతెన మాటేమో గాని, సినిమా మాత్రం నిజంగానే చిన్నదైంది. సినిమాస్కోప్ బొమ్మ ఎత్తు ఒకటైతే వెడల్పు రెండున్నరకు కొంచెం తక్కువ, లెక్కకు 2.35. దాన్ని ఆనాటి టీవీ పెట్టె నిండా పట్టించాలంటే నూటికి నలభైమూడు పాళ్ళు పారెయ్యాలి. మిగిలిన యాభైయేడు పాళ్ళలో ఏది వుంచాలో తేల్చేది దర్శకుడూ కాదు, ఛాయాగ్రాహకుడూ కాదు. ఒక చీకటిగదిలో, ఒక యంత్రం ముందు, ఒక ఉద్యోగి. ఆయన దగ్గర చదరపు కిటికీలాంటిది ఒకటి వుంటుంది. దాన్ని వెడల్పాటి బొమ్మమీద అటూ ఇటూ జరుపుతాడు. మాట్లాడేవాడి మీదికి జరుపుతాడు. వినేవాడు పోతాడు. కథానాయకుడి మీద నిలుపుతాడు. కథానాయకుణ్ణి నాయకుణ్ణి చేసిన జనం పోతారు. ఆయనను తప్పుపట్టి లాభంలేదు. యాభైయేడు పాళ్ళలో నూరు ఎవరు ఇరికించగలరు? నా ఫిర్యాదల్లా, పోయిందని మనకెవరూ చెప్పకపోవడం. పుస్తకంలో పేజీలు చింపితే నంబర్లు చూసి పట్టుకుంటాం. బొమ్మ అంచులకు నంబర్లు లేవు.

పైదేశాల్లో దీనిమీద పెద్ద రగడే జరిగింది. వూడీ ఆలెన్ తన "మన్‌హాటన్" చిత్రం వీడియోగా వచ్చినప్పుడు, పైనా కిందా పట్టీలు పడితే పడనివ్వండి గాని పక్కలు కోయడానికి వీల్లేదని పట్టుబట్టి నెగ్గాడు. సిడ్నీ పొలాక్ అనే దర్శకుడు మరీ మొండివాడు. తన 1975 నాటి "త్రీ డేస్ ఆఫ్ ది కాండర్" చిత్రాన్ని పక్కలు కోసి డెన్మార్కు టీవీ ప్రసారం చేసిందని ఆ దేశపు కోర్టుకెక్కాడు. ఇలా కోయడం కళాకృతిని ఛిద్రం చేయడమేనని 1997లో కోర్టు ఒప్పుకుంది. అయితే వేరే చట్టపు చిక్కులేవో అడ్డువచ్చి దావా మాత్రం ఓడిపోయాడు. అతని మాట నిజమన్నారు, గెలుపు మాత్రం ఇవ్వలేదు. కోర్టు ముఖం చూసినవారికి ఇందులో వింత కనిపించదు.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టంలో, రచనను వికృతంచేస్తే రచయిత అడ్డుపడవచ్చునని 57వ సెక్షను వుంది. కాని ఆ చట్టం దృష్టిలో సినిమాకు "కర్త" అంటే నిర్మాత. అంచేత అంచులు కొలిచి కొలిచి కెమెరా పట్టినవాడికి అక్కడ నోరు లేదు.

అదే 1957లో వచ్చింది "మాయాబజార్". కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం. ఆనాటి సినిమాలన్నిటిలాగే దాని బొమ్మ కూడా ఇంచుమించు మన పాత టీవీ ఆకారంలోనే వుండేది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థవారు దానికి రంగులద్ది, ధ్వని బాగుచేసి, సినిమాస్కోప్ ఆకారానికి మార్చి 2010 జనవరి 30న విడుదల చేశారు. జనం విరగబడి చూశారు. నేనూ చూశాను, ఆనందించాను కూడా. రంగు బాగుందా లేదా అని నెలల తరబడి వాదులాడుకున్నాం. ఆకారం మాట ఎత్తినవాళ్ళు నాకు తగల్లేదు. ఆ ఆకారంలోంచి ఈ ఆకారం నిండా తెప్పించాలంటే ఎత్తులో నూటికి నలభైరెండు పాళ్ళు వదులుకోవాలి. ఘటోత్కచుడు పెళ్ళివిందు ముందు కూర్చున్నాడనుకోండి. పైన కిరీటం, నడుమ ముఖం, కింద పళ్ళేలు. బార్ట్‌లే వాటిని ఒకదానికింద ఒకటిగా పేర్చింది చదరంగావున్న తెరకోసం. పొడుగాటి పట్టీలో ఆ మూడూ ఎక్కడ పడతాయి? విందు మాత్రం ఎస్.వి. రంగారావుది. ఆయన ముఖం చూస్తూ కూర్చుంటే పళ్ళేల లోటు మనకు తోచనే తోచదు.

ఇలా పైనా కిందా కోసే ముచ్చట ఈ పదేళ్ళలో ప్రపంచమంతటా ప్రబలింది. "సింప్సన్స్" అని అమెరికాలో బొమ్మలతో నడిచే హాస్య సీరియలొకటి వుంది. దాన్ని 2019 నవంబరులో డిస్నీవారు తమ కొత్త సర్వీసులో పెడుతూ, పాత భాగాలను కొత్త టీవీకి సరిపడేలా కోశారు. అందులో ఒకచోట సారా కంపెనీలో మూడు పెద్ద పీపాలు వుంటాయి. ఒకదానిమీద మామూలు బీరని, ఒకదానిమీద తేలిక రకమని, మూడోదానిమీద ఇంకో రకమని పేర్లు. తలెత్తి పైకి చూస్తే మూడింటికీ ఒకటే గొట్టం! పైభాగం కోసేసరికి గొట్టం పోయింది, పీపాలు మిగిలాయి, నవ్వెందుకో ఎవరికీ తెలియలేదు. మా వైపు ఒకే తాడిచెట్టు కల్లును మూడు ధరలకు అమ్మినవాడి కథ చెబుతూ, చెట్టు ఒకటేనన్న మాట మింగేసినట్టు. జనం గోలపెడితే 2020 మే నెలలో పాత ఆకారం తిరిగి ఇచ్చారు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టిన "సైన్‌ఫెల్డ్" సంగతి ఇంకా చక్కనిది. రోడ్డుమీది గుంత అన్నదే పేరుగా వున్న ఒక భాగంలో, పాత్రలు వంగి గుంతను చూస్తూ వుంటాయి. కింది అంచు కోతలో ఆ గుంత కాస్తా పోయింది!

మన టీవీ సీరియళ్ళకు మాత్రం రెండు కోతలూ తగిలాయి. వెడల్పు టీవీలు వచ్చీరాని రోజుల్లో కెమెరా వెడల్పుగానే తీసేది, సగం ఇళ్ళలో పాత పెట్టెలే వుండేవి. వాళ్ళకు రెండు పక్కలూ కలిపి పావువంతు కోతపడేది. అంచేత ముఖ్యమైనదేదీ అంచుల్లో పెట్టకూడదు, అంతా నడిగడిలోనే జరగాలి అని తీసేవాళ్ళు నియమం పెట్టుకున్నారు. అత్తా కోడళ్ళు అంత పెద్ద హాల్లో ఒకళ్ళమీద ఒకళ్ళు పడి మాట్లాడుకునేవారు! ఇప్పుడు ఆ సీరియళ్ళ తునకలే ఫోనులో నిలువుగా వస్తున్నాయి. నిలువు ఫోను నిండా పట్టిస్తే వెడల్పు బొమ్మలో నూటికి ముప్ఫైరెండు పాళ్ళే మిగులుతుంది. అత్త వుంటే కోడలుండదు, కోడలుంటే అత్త వుండదు. కొన్ని కొంపల్లో అదే నయం అంటారేమో, నాకు తెలియదు.

సరే, మా క్యాసెట్టు దగ్గరికి వద్దాం. బొమ్మను ఏమీ కోయకుండా, సాగదీయకుండా, వున్నదున్నట్టు మళ్ళీ ఎక్కించమని కుర్రాణ్ణి అడిగాను. వాళ్ళ డెక్కు ఆ నెలలోనే మూలపడిందిట. కొత్తది కొందామంటే దొరకదు. ప్రపంచంలో ఆఖరున డెక్కులు చేస్తూవుండిన జపాను కంపెనీ, ఫునాయ్, 2016 జులైలో తయారీ మానేసింది. పైగా మాది అడవి అంచు, చుట్టూ పామాయిలు తోటలు, వానాకాలమంతా గోడలే చెమ్మగిల్లుతాయి. టేపుమీద తెల్లగా బూజు చుక్కలు కనిపిస్తున్నాయి. బూజుపట్టిన టేపును అలాగే ఆడిస్తే టేపూ పోతుంది, డెక్కూ పోతుంది. గుండెలు జారిపోయాయి. తెర నిండాలని నేనన్న ఒక్క మాటకు అమ్మ ముఖం ఇక లేదేమోననుకున్నాను.

నాలుగు వూళ్ళు తిరిగితే ఒక ముసలి మెకానిక్కు దగ్గర నడిచే డెక్కు దొరికింది. ఆయన టేపును మెత్తటి గుడ్డతో చుట్టు చుట్టూ తుడిచి ఆరబెట్టడానికి రెండు రోజులు తీసుకున్నాడు. ఎక్కించేముందు, "నాలుగుకు మూడు లెక్కలోనే వుంచమంటారా?" అని అడిగాడు. వుంచమన్నాను. నిండా కావాలంటే టీవీ రిమోట్లోనే జూమ్ మీట వుందనీ, అది చూపును మాత్రమే కోస్తుంది, బొమ్మ లోపల పదిలంగానే వుంటుందనీ, స్టూడియోలో కోసినదాన్ని మాత్రం తిరిగి అతికించేవాడు లేడనీ చెప్పాడు. మీలో ఎవరైనా పాత క్యాసెట్లు ఎక్కించదలిస్తే ఆయన అడిగిన ప్రశ్న మీరే ముందుగా అడగండి. ఎక్కించడం అయ్యాక క్యాసెట్టు పారేయకండి.

ఉగాదికి అక్కయ్య మళ్ళీ వచ్చింది. టీవీ పెట్టాను. నడుమ చదరంగా బొమ్మ, ఇరువైపులా నల్లటి పట్టీలు. అక్కయ్య మనవరాలు వెంటనే, "తాతయ్యా, టీవీ పాడైందా?" అన్నది. "సగం కరెంటే వస్తున్నట్టుంది" అన్నారు బావగారు.

కన్యాదానం వచ్చింది. తెర అడుగున, కుడి మూలకు, అమ్మ. జరీపంచె కట్టుకున్న నాన్న పక్కన నీరుకావి పట్టుచీరలో మోకాళ్ళమీద వంగి రాగిచెంబు పట్టుకుని వున్నది. నీళ్ళ ధార సన్నగా పళ్ళెంలో పడుతున్నది. పురోహితుడు ఆగమన్నట్టున్నాడు, చెంబు ఆగింది. అప్పుడు ముంజేత్తో నుదుటిమీది చెమట తుడుచుకుని, తలెత్తి, తెరకు ఎడంగా వున్న దేనికేసో చూసింది. అక్కడ అక్కయ్య కూర్చుని వుండేదన్నమాట. అది కెమెరాలోకి రాలేదు.

అక్కయ్య రిమోట్టు నా చేతిలోంచి తీసుకుని నాలుగుసార్లు వెనక్కు జరిపి చూసుకుంది. ఎవరమూ ఏమీ అనలేదు. మనవరాలు వచ్చి ఆవిడ ఒడిలో కూర్చున్నది.

"ఒరేయ్," అన్నది చివరకు, "ఆ చెంబు ఇప్పుడెక్కడుందిరా?"

అటకమీద వుందన్నాను. నిచ్చెన తెమ్మన్నది.